18 డిగ్రీల వణుకు

కార్తీకం వెళ్లి మార్గశిరం రాగానే అంగలకుదురులో పిల్లలు కనిపించడం మానేస్తారు. ఊరొదిలి ఎక్కడికీ పోరు, స్వెట్టర్ల లోపలే ఉంటారు. తెల్లవారుజామున తెనాలి–గుంటూరు రోడ్డును పొగమంచు కమ్మేసి, వరి కోసిన మాగాణుల్లో మినుము మొక్కలు తడిసి నిలబడి ఉండగా, ఒక ఇంటి ముందు ఉన్ని మూట ఒకటి కదులుతూ ఉంటుంది. తలకు మంకీ క్యాపు, దాని కింద చెవుల్లో దూది, మెడకు మఫ్లరు, ఛాతీకి విక్సు, చొక్కా మీద స్వెట్టరు, దాని మీద పెద్దమ్మ కొడుక్కి నిరుడు పొట్టిదైపోయిన ఇంకో స్వెట్టరు. ముక్కూ కళ్ళూ బయట ఉన్నాయి కాబట్టి లోపల పిల్లవాడున్నాడని తెలుస్తుంది. ఎవరి పిల్లవాడో తెలియాలంటే పేరు పెట్టి పిలవాల్సిందే.

అప్పుడు బయట ఉష్ణోగ్రత 18 డిగ్రీలు.

ఉత్తరాది వాళ్ళు నవ్వితే నవ్వనీండి, వాతావరణ శాఖ కోస్తా వాళ్ళ పక్షమే. మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగితే తప్ప ఆ శాఖ శీతల గాలుల మాట ఎత్తదు. సముద్ర తీరపు కేంద్రాల దగ్గరికొచ్చేసరికి మాత్రం మనసు కరిగి, 15 డిగ్రీలున్నా చాలంది, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలైనా తగ్గి ఉండాలన్న షరతు మీద. మే నెల ఎండలో మాడిన ఒంటికి డిసెంబరు తెల్లవారుజాము చలిగానే తోస్తుంది. కాకపోతే అదే మే నెలలో అదే పిల్లవాడు ఏసీ 18లో పెట్టమని రిమోట్ కోసం కొట్లాడి గెలిచి, చేతుల్లేని బనీనుతో నిద్రపోతాడు. అప్పుడు దూది పెట్టడానికి ఎవరూ రారు. ఏసీ గాలి చెవుల్లో దూరదని ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం.

అంగలకుదురులో చలిని కొలిచేది థర్మామీటరు కాదు, అరుగు మీద కూర్చున్న అమ్మమ్మ. శాలువా కప్పుకుని కాఫీ తాగుతున్న ఆవిడకు చలేసిందంటే వీధి చివర బంతి విసురుతున్న మనవడికీ వేసినట్టే లెక్క.

"ఒరే నాన్నా, చెవులు మూసుకోరా, మంచు పడుతోంది!"

"ఉక్కపోస్తోంది అమ్మమ్మా!"

"పోస్తే పోసింది. జలుబు చేస్తే మీ నాన్నకి నేనేం చెప్పను?"

ఈ వాదనలో ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వయసు పైబడ్డాక ఒంట్లో పుట్టే వేడి తగ్గుతుంది, కదలకుండా కూర్చుంటే ఇంకా తగ్గుతుంది. పరుగెత్తే పిల్లవాడి కండరాలు మాత్రం పొయ్యి రాజేసినట్టు వేడిని పుట్టిస్తాయి. అందుకే రెండో ఓవరు పూర్తయ్యేలోపు పైస్వెట్టరు ఊడి వికెట్టుగా మారుతుంది. నాలుగో ఓవరుకు రెండో స్వెట్టరు అవతలి వికెట్టవుతుంది. మంకీ క్యాపులో రేగుపళ్ళు చేరతాయి. ఇంటికి పోయే ముందు అన్నీ మళ్ళీ తొడుక్కుని, ఆరని చెమట మీద ఉన్ని పరుచుకుని, బుద్ధిమంతుడిలా లోపలికి వస్తాడు. తడిసిన బనీను ఒంటికంటుకుని అప్పుడు వణుకు మొదలవుతుంది. "చూశావా, చెప్పానా" అంటుంది అమ్మమ్మ. జలుబు తెచ్చేది మంచు కాదు, వైరస్ అని డాక్టరు చెప్పినా ఆ కేసులో తీర్పు మారదు.

ఉన్నిలో వేడేమీ ఉండదు. దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి, ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. చెమటో నీళ్ళో చేరి ఆ గాలి ఖాళీలు నిండిపోతే స్వెట్టరు బరువు మిగులుతుంది, వెచ్చదనం పోతుంది. పిల్లవాడికి చాలినంత వేశామో లేదో చూడాలంటే చేతులు పట్టుకోకూడదు, అవి తరచూ చల్లగానే ఉంటాయి. మెడ వెనక, చొక్కా కాలరు లోపలికి రెండు వేళ్ళు పెట్టి చూడాలి. వెచ్చగా, పొడిగా తగిలితే సరిపోయినట్టు. చెమట తగిలితే ఒకటి తీసేయాలి. అంగలకుదురులో ఈ పరీక్ష పెడితే చాలా స్వెట్టర్లకు ఉద్యోగం పోతుంది.

మంకీ క్యాపుకు మాత్రం వంశచరిత్ర ఉంది. 1854లో క్రిమియా యుద్ధంలో బాలక్లావా దగ్గర గడ్డకట్టిన బ్రిటిష్ సైనికుల కోసం ఆడవాళ్ళు అల్లి పంపిన ఉన్ని టోపీలకు ఇది దగ్గరి చుట్టం. ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందన్న మాట కూడా సైన్యం నుంచే వచ్చింది, అమెరికా సైనిక శిక్షణ పుస్తకం పుణ్యమా అని. 2008లో ఇద్దరు అమెరికన్ పిల్లల డాక్టర్లు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ లెక్క తప్పని తేల్చారు. పెద్దవాళ్ళ ఒంటి చర్మంలో తల వాటా పదోవంతుకు మించదు, పోయే వేడి కూడా ఆ దామాషాలోనే పోతుంది. అయితే ఏడాది లోపు పసివాళ్ళకు ఆ వాటా దాదాపు రెండింతలు. కాబట్టి ఉయ్యాల దాటని వాళ్ళ విషయంలో అమ్మమ్మ గెలిచింది, బ్యాటు పట్టినవాళ్ళ విషయంలో ఓడింది.

ఇంకో సందర్భంలోనూ ఆవిడ మాటే చెల్లుతుంది. తెనాలిలో బడికి స్కూటరు మీద ముందు నిలబడి వెళ్ళే పిల్లవాడికి ఎదురుగాలి సూటిగా తగులుతుంది. ఆడుతూ కాక, కదలకుండా నిలబడి వెళ్తాడు కాబట్టి ఆ పది నిమిషాలూ స్వెట్టరూ, చెవులకు గుడ్డా నిజంగానే కావాలి. భోగినాడు మాత్రం తలకిందులు. ఉలెన్ అని అమ్మే స్వెట్టర్లలో చాలావాటిలో ఉన్ని పేరుకే ఉంటుంది, అంతా యాక్రిలిక్. నిప్పు రవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. భోగి మంటలో పిడకల దండ వేయడానికి పోటీపడే పిల్లలకు నూలు బట్టలే క్షేమం. పైగా మంట ముందు స్వెట్టరు దేనికి?

చలంటే ఏమిటో చూడాలనుకున్న కోస్తా కుటుంబాలు డిసెంబరులో అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగి కొండల మీదికి వెళ్తాయి. సున్నా దగ్గరికి దిగే ఉష్ణోగ్రతలో పిల్లలకు ఉన్నవన్నీ తొడిగి, ఫోటోలు తీసి, వెంటనే కారెక్కించి అద్దాలు మూసేస్తాయి. చలి చూడటమూ అయింది, చలి తగలకపోవడమూ అయింది.

అమ్మమ్మకు అసలు పరీక్ష అమెరికాలో మిన్నియాపొలిస్ లాంటి ఊళ్ళో కూతురింట్లో ఎదురవుతుంది. జనవరి రాత్రి అక్కడ సగటున మైనస్ 13 డిగ్రీలు. పెట్టెలో ఆవకాయ, వాము, మూడు మంకీ క్యాపులతో దిగిన ఆవిడకు బడి నుంచి వచ్చిన చీటీ చదివి వినిపిస్తారు: పిల్లలు ఆటల పీరియడులో బయటే ఆడతారు, మంచు బట్టలు రోజూ పంపండి. ఎంత చలైతే లోపల ఉంచాలన్నది బడిని బట్టి మారుతుంది, కానీ మైనస్ 10కి తలుపులు మూసే బడి అక్కడ అరుదు. "ఆ పంతులమ్మలకు పిల్లలున్నారా?" అని అడుగుతుంది అమ్మమ్మ.

అక్కడ బట్టలు తొడగడం ఒక క్రమంలో సాగే క్రతువు. ఒంటికి ఆనుకుని చెమటను పీల్చి బయటికి పంపే పలుచని పొర, నూలు కాకూడదు. దాని మీద వెచ్చదనానికి ఫ్లీసో ఉన్నో. పైన గాలినీ నీటినీ ఆపే కోటు. పెద్దవాళ్ళకన్నా ఒక పొర ఎక్కువ వేయమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం పసివాళ్ళ గురించి చెప్పే మాట ఆవిడకు వెంటనే నచ్చుతుంది, ఒకటేనా అన్నదే బాధ. ముందు స్నో ప్యాంటు, తర్వాత బూట్లు, ఆపైన కోటు, టోపీ, అన్నిటికన్నా చివర చేతులకు మిటెన్లు. ముందే మిటెన్లు వేస్తే జిప్పు పెట్టుకోవడానికి వేళ్ళుండవు. వేళ్ళన్నీ ఒకే సంచిలో ఒకదానికొకటి వేడి పంచుకుంటాయని గ్లవ్స్ కన్నా మిటెన్లే మేలంటారు. ఇరవై నిమిషాల యుద్ధం ముగిసి, చివరి మిటెను బిగించాక మనవడు అమ్మమ్మ ముఖంలోకి చూసి, "ఒంటేలు" అంటాడు.

కోటు తొడగబోతే మనవరాలు చెయ్యి విదిలించుకుంటుంది. కోటును నేల మీద వెల్లకిలా, కాలరు తన కాళ్ళ వైపు ఉండేలా పరిచి, వంగి రెండు చేతులూ లోపలికి దూర్చి, తల మీదుగా ఒక్కసారి వెనక్కి విసురుతుంది. కోటు దానంతటదే ఒంటి మీద కూర్చుంటుంది. బాల్వాడిలోనే నేర్పిన విద్య అది. అమ్మమ్మ మూడేళ్ళ పిల్ల ముందు నోరు తెరుచుకుని నిలబడిపోతుంది.

పేచీ వచ్చేది రెండు చోట్ల. మఫ్లరు జారుడుబల్లకు చిక్కి మెడకు బిగుసుకోవచ్చని అక్కడ వద్దంటారు. పిల్లల కోట్లకు మెడ దగ్గర తాళ్ళు పెట్టవద్దని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 1996లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. రెండోది కారు. ఉబ్బిన కోటు మీద సీటు బెల్టు పెడితే ప్రమాదంలో కోటు అణిగి బెల్టు వదులైపోతుంది. కాబట్టి కోటు విప్పి, బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పాలి. గడ్డకట్టే చలిలో, కారు ఎక్కించే ముందు, పసివాడి కోటు విప్పడం! అంగలకుదురులో ఆ పని చేస్తే ఊరంతా వచ్చి నిలదీస్తుంది.

మార్చి వచ్చేసరికి ఆవిడ తీరు మారుతుంది. కాలరులో వేళ్ళు పెట్టి చూడటం అలవాటవుతుంది, తడిసిన మిటెన్లను హీటరు దగ్గర ఆరబెట్టడం ఆవిడ శాఖ అవుతుంది. ఏప్రిల్లో ఒక సాయంత్రం 10 డిగ్రీలకు ఎండ కాసిందని వీధి పిల్లలంతా నిక్కర్లతో సైకిళ్ళు తొక్కుతుంటారు. మనవడూ వాళ్ళలోనే ఉంటాడు. అమ్మమ్మ వాణ్ణి ఏమీ అనదు. పక్కన కాఫీ కప్పుతో, చేతుల్లేని టాపుతో నిలబడ్డ నలభై ఏళ్ళ కూతుర్ని ఎగాదిగా చూస్తుంది.

"వాడి సంగతి సరేనే, ముందు నువ్వెళ్లి స్వెట్టరు తొడుక్కుని రా."