మెరిసే చుక్కల మీద మోజు

లక్షల గెలాక్సీలుంటే తప్పులు వాటంతట అవే కొట్టుకుపోతాయని నాకు గట్టి ధీమా. సగం నిజమే. ఒక్కో గెలాక్సీ పుట్టుకతోనే ఏదో ఒక వైపు సాగి ఉంటుంది. దారిలోని కృష్ణపదార్థం దాని వెలుగును వంచి అదనంగా తెచ్చే సాగుదల ఒక్క శాతం ఉంటే గొప్ప. సగటు తీస్తే సొంత వంకరలు పోయి ఆ కాస్తా మిగులుతుంది. కానీ అన్నిటినీ ఒకే తీరున తప్పుగా కొలిచేవాడికి సగటు ఏం సాయపడుతుంది? గెలాక్సీలు పెరిగేకొద్దీ తన తప్పు మీద నమ్మకం పెరుగుతుంది, అంతే. నాకూ పెరిగింది.

గాలి, అద్దాలు కలిసి బొమ్మను ఎంత అలికేస్తాయో చెప్పేవి నక్షత్రాలు. అవి ఉత్త చుక్కలు గనక ఆ అలుకు వాటిలో బయటపడుతుంది. దాన్నే పీఎస్ఎఫ్ అంటాం. వెలుగు తక్కువైన చుక్కల్లో నాయిస్ ఎక్కువని వాటిని తోసేసి, బాగా మెరిసేవాటినే ఏరుకున్నాను. ఎంత శుభ్రమైన డేటా అని మురిసిపోయాను కూడా.

కెమెరాలో వెలుగును పట్టే సీసీడీ చిప్పు సంగతి పట్టించుకుంటే కదా! పిక్సెల్‌లో ఎలక్ట్రాన్లు పోగయ్యేకొద్దీ తర్వాత వచ్చేవాటిని పక్క పిక్సెళ్లలోకి నెడతాయి, కిక్కిరిసిన బస్సు ఫుట్‌బోర్డు మీదివాళ్లు కొత్తవాణ్ణి ఎక్కనివ్వనట్టు. అందుకే మెరిసే నక్షత్రం కాస్త లావుగా పడుతుంది. వెలుగు తక్కువైన గెలాక్సీలకు అంత లావు రాదు. లేని అలుకును కూడా తుడిచేసి, వాటి సాగుదలను నేనే పెంచాను. విశ్వంలో పదార్థం ఉన్నదానికన్నా ఎక్కువ ముద్దలు కట్టినట్టు తేలింది. చిలీలోని బ్లాంకో టెలిస్కోపుతో పనిచేసిన డార్క్ ఎనర్జీ సర్వే వాళ్లు ఇదే కారణంగా అతి ప్రకాశవంతమైన నక్షత్రాలను పీఎస్ఎఫ్ లెక్కలోంచి తీసేశారు. వాళ్ల పేపరు నేను చదివాను. ఆ వాక్యం కింద గీత కూడా గీశాను.

బి-మోడ్ సంగతి ఇంకా సిగ్గుచేటు. కృష్ణపదార్థం వెలుగును వంచడం, అంటే లెన్సింగ్, బి-మోడ్ అనే సుడులు తిరిగే సరళిని దాదాపు పుట్టించదు గనక, అక్కడ ఏదైనా గట్టిగా కనిపిస్తే కొలతలో తేడా ఉన్నట్టే. నాకు సున్నా వచ్చింది. గ్రూపు మీటింగులో అందరికీ చూపించాను. మొత్తం సంకేతాన్ని ఒకే గుణకంతో హెచ్చించే తప్పు ఆ పరీక్షకు చిక్కదు. సున్నాను దేంతో హెచ్చించినా సున్నాయే.

"కృత్రిమ బొమ్మల్లో తెలిసిన సాగుదల పెట్టి, అంతే తిరిగొస్తుందో లేదో చూశావా?" అని సీనియర్ అక్క అడిగింది. చూడలేదు. యూక్లిడ్ అంతరిక్ష టెలిస్కోపు బృందం ఆ గుణకంలో తప్పును వెయ్యింట రెండు వంతులకు మించనివ్వకూడదని లక్ష్యం పెట్టుకుంది. తర్వాత చూస్తే నాది శాతాల్లో తేలింది. ఆ పరీక్ష గ్రాఫు మాత్రం అక్కకొక్కదానికే మెయిల్ చేశాను.