మిగిలిన 0.81 శాతం మేమేనండీ

ఆకాశవాణి తన గొప్ప చెప్పుకునేటప్పుడు ఒక లెక్క చెబుతుంది. దేశ విస్తీర్ణంలో దాదాపు 92 శాతానికి, జనాభాలో 99.19 శాతానికి దాని గొంతు చేరుతుందట. 23 భాషలట, 179 మాండలికాలట. చుక్క తర్వాత రెండంకెల దాకా తేల్చారంటే ఒక్కొక్క చెవినీ విడిగా పలకరించి వచ్చి ఉండాలి. అంత కష్టపడ్డవాళ్ళు మిగిలిన 0.81 శాతం మనుషులు ఏ ఊళ్ళో ఉన్నారో మాత్రం చెప్పలేదు. వెతికే శ్రమ అక్కర్లేదు, మేమే ముందుకొచ్చి ఒప్పుకుంటున్నాం. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా పాత హైవే మీద, ఇటు కైకలూరు దాకా కొల్లేటి గట్ల మీద, స్టేషన్ కోసం ముల్లు తిప్పుకుంటూ కూర్చున్న జనం మేమేనండీ.

విజయవాడలో కారెక్కి ఎఫ్ఎం పెట్టుకోండి. హనుమాన్ జంక్షన్ దాకా పాట పాటలాగే వస్తుంది. ఏలూరు దాటుతుంటే గాయకుడికి జలుబు చేస్తుంది. గుండుగొలను దగ్గర గొంతు పూర్తిగా పూడుకుపోతుంది. అక్కణ్ణుంచి పాత రోడ్డు పట్టి భీమడోలు, పుల్ల, కైకరం, ఉంగుటూరు అంటూ ఊళ్ళు మారతాయి గానీ రేడియోలో వచ్చేది మారదు. అంతా గరగరే. ఎఫ్ఎం తరంగం నిటారుగా పోయే రకం. భూమి వంపు తిరిగింది కదా అని తానూ వంగదు. చాలా ఆత్మగౌరవం గల తరంగం. టవరున్న ఊరికి నమ్మకంగా సేవ చేసి, పక్క జిల్లా పొలిమేరలో మనల్ని దింపేసి వెళ్ళిపోతుంది. ఈ దారిన రోజూ తిరిగే లారీ డ్రైవర్లు, ఆటోవాళ్ళు ఎప్పుడో పెన్‌డ్రైవ్ మతం పుచ్చుకున్నారు. వాళ్ళని మళ్ళీ రేడియోలోకి తేవడానికి ఏ స్వామీజీ ప్రయత్నించడం లేదు.

మరి ఆ 99.19 అబద్ధమా అంటే, అబద్ధం కాదు, సర్కారీ నిజం. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రానికి మీడియం వేవ్ ఉంది. 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు, 837 కిలోహెర్ట్జ్. మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని పాకుతుంది కాబట్టి కొల్లేరు, గోదావరి, ఆ పైన ఏజెన్సీ దాకా పోగలదు. పోతుంది కూడా. వచ్చి మన ఇంటి గుమ్మం దగ్గర నిలబడుతుంది. లోపలికి రానిచ్చేదెవరు? చేతిలో ఉన్న ఫోనుకి మీడియం వేవ్ అంటే ఏమిటో తెలియదు. పాత సెట్టు ఎవరింట్లోనైనా బతికుంటే దాని పక్కన ఎల్ఈడీ బల్బు, ఇన్వర్టరు, ఫ్యాను రెగ్యులేటరు, ఎదురింటి సెట్‌టాప్ బాక్సు అన్నీ కలిసి బుయ్యిమని కోరస్ పాడతాయి. చేరే తరంగానికి సెట్టు లేదు, ఉన్న సెట్టుకి తరంగం చేరదు. కాగితం మీద మాత్రం ఇద్దరికీ పెళ్ళయిపోయింది.

ఫోనులో ఎఫ్ఎం అయినా ఉందా? కొత్త మోడళ్ళలో దాన్ని మూసేసి అమ్ముతున్నారని 2023 ఏప్రిల్‌లో కేంద్రం కంపెనీలకు ఒక సలహా పంపింది. రేడియో ఉన్న ఫోన్లలో దాన్ని ఆపకండి, లేని వాటిలో పెట్టండి అని. సలహా అంటే తెలుసు కదా, మన వీధి చివర 'ఇచ్చట చెత్త వేయరాదు' అని రాసి ఉంటుందే, అది.

సరే, ఏ పుణ్యాన ఒక స్టేషన్ దొరికిందే అనుకోండి. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది.

ఒక ప్రైవేటు ఎఫ్ఎంలో ఫోన్ కార్యక్రమం. స్టేషన్ పేరు చెబితే ఉచిత ప్రకటన అవుతుంది, వద్దు. "హలో, లైన్లో ఎవరు?" అంది ఆర్జే. "నేనండి, గూడెం నుంచండి." "వావ్, కొత్తగూడెమా?" "కాదండి, గూడెం అండి. ఉల్లిపాయల మార్కెట్టు గూడెం అండి." "సో స్వీట్! ఉల్లిపాయలంటే గుర్తొచ్చింది, మీరు లాస్ట్ టైమ్ ఎప్పుడు ఏడ్చారు?" "మొన్న రేటు పడిపోయినప్పుడండి." అవతల అర సెకను నిశ్శబ్దం. ఆ వెంటనే పెళ్ళిపాట.

కర్నూలు నుంచి లారీలకు లారీలు ఉల్లి దిగే ఊరు తాడేపల్లిగూడెం. ఆ ఊరి మనిషి తన ఊరి ధర సంగతి తనంతట తానే ఎత్తాడు. ఏ విలేకరికైనా కాళ్ళ దగ్గరికొచ్చి పడిన వార్త. ఆమె పాట వేసింది. ఆమెను అని లాభం లేదు, ఎదురుగా ఉన్న కంప్యూటరులో వరుస ముందే పేర్చి ఉంటుంది. మాటకు ఇన్ని సెకన్లు, ఆ తర్వాత ప్లాట్ల ప్రకటన, ఆ తర్వాత కోచింగ్ సెంటరు, ఆ తర్వాత పొద్దున రెండుసార్లు వేసిన పాటే. ఇరవయ్యో ముప్ఫయ్యో పాటలు కాడికి కట్టిన గానుగెద్దుల్లా తిరుగుతుంటాయి. ఘంటసాల పుట్టిన చౌటపల్లి గుడివాడ పక్కనే. ఆయన పాట ఈ కొల్లేటి ఒడ్డున వేస్తే రెండో చరణం వచ్చేలోపు పీక నొక్కేస్తారు. పల్లవికి స్పాన్సరున్నాడు, చరణానికి లేడు కాబోలు.

ఇక ట్రాఫిక్ విశేషాలు. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర వాహనాలు నెమ్మదిగా కదులుతున్నాయి, ప్రత్యామ్నాయ మార్గం చూసుకోమని చెబుతారు. కొల్లేటి లంకలో పడవ మీద పోతున్నవాడు ఆ మాట శ్రద్ధగా విని, బెంజి సర్కిల్ వైపు పోకుండా జాగ్రత్తపడతాడు.

కైకలూరు పక్కన చెరువు గట్టు మీద కాపలా షెడ్డు ఒకటి చూడండి. రాత్రి మూడు గంటలు, మబ్బు. చేపల చెరువున్న ఎవరికైనా ఈ రెండు మాటలు చాలు, నిద్ర ఎగిరిపోతుంది. పగలు ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ సరిగా పుట్టదు, తెల్లవారుజాముకి అడుగంటుతుంది. శీలావతి, బొచ్చె పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. కాపలా కుర్రాడు టార్చి వేసి నీళ్ళకేసి చూస్తాడు. కరెంటుంటే ఏరేటర్లు వేస్తాడు, లేకపోతే డీజిల్ ఇంజను తాడు లాగుతాడు. ఇయర్‌ఫోన్ తీగే ఫోనుకి ఏంటెనా కాబట్టి దాన్ని షెడ్డు రాటకి చుట్టి ఎఫ్ఎం పెడతాడు. అతనికి కావలసింది ఒక్కటే, తెల్లారేసరికి మబ్బు విడుస్తుందా లేదా. సర్కారు వారి ప్రాంతీయ కేంద్రం పదకొండింటికే వందనం చెప్పి పడుకుంది. ప్రైవేటు స్టేషన్లో మనిషి లేడు, ముందే రికార్డు చేసిన గొంతు మాత్రం ఉంది. "ఈ రాత్రి మీ హార్ట్ ఎవరికోసం బీట్ అవుతోంది?" అని అడుగుతుంది. మూడు టన్నుల చేప కోసం, తల్లీ. వెంటనే టైము చెబుతుంది. ఆ టైము మనకు సమర్పిస్తున్నది ఒక నగల దుకాణం.

పాతకాలమంతా బంగారమని పాడే బాపతు కాదు నేను. ఆకాశవాణి పెద్దలకు ఒకప్పుడు సినిమా పాట అంటేనే అంటు. 1952లో కేంద్ర మంత్రిగా వచ్చిన బి.వి.కేస్కర్ హయాంలో సినిమా పాటను గెంటేశారు. జనం ఎదురుతిరగలేదు, ముల్లు తిప్పారు. సముద్రానికి అవతల రేడియో సిలోన్ దొరికింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు మీనాక్షి పొన్నుదొరై గారి తెలుగు వినడానికి మనవాళ్ళు సెట్టుని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నారు. ఢిల్లీకి కనువిప్పు కలిగి వివిధ భారతి పెట్టేసరికి 1957 అక్టోబరు 3 వచ్చింది. అంటే సిలోన్ వైపు ముల్లు తిప్పింది మావాళ్ళ చెవికి రుచి తెలియక కాదు. విజయవాడ నుంచి ఉషశ్రీ రామాయణ భారతాలు చెబుతుంటే ఊళ్ళకు ఊళ్ళు పనులాపుకుని విన్నాయి. ఆయన అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, ఊరు అప్పటి మన పశ్చిమ గోదావరిలోని కాకరపర్రు. బాలాంత్రపు రజనీకాంతరావు భక్తిరంజనితో తెల్లవారిన ఇళ్ళు ఎన్నో ఈ కాలవల వెంటే ఉండేవి. వీళ్ళెవరూ 'హాయ్ గైస్' అనకుండానే జనం విన్నారు. ఈ ముక్క ఏ మీడియా ప్లానరుకీ నమ్మబుద్ధి కాదు.

ఇప్పుడు వేలం కథ వినండి. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్ఎం చానెళ్ళ వేలానికి సరే అంది. రిజర్వు ధర 784.87 కోట్లు. ఆంధ్రప్రదేశ్ వాటా 22 పట్టణాలు, 68 చానెళ్ళు. అందులో ఏలూరుకి మూడు, భీమవరానికి మూడు. తాడేపల్లిగూడానికి సున్నా. గూడెంలో నిట్ ఉంది, పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే కూడా ఉంది. తరంగం దిగడానికి మాత్రం చోటు లేదు.

మంత్రివర్గం సరే అన్న మూడో రోజుకి వానలు పట్టుకున్నాయి. బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. బెజవాడ మునిగితే దేశమంతా చూసింది, అది న్యాయమే. అయితే బుడమేరు విజయవాడలో ఇల్లు కట్టుకుని ఉండిపోదు. ఆ నీరు దిగి వచ్చేది కొల్లేటికే. తమ్మిలేరుదీ అదే దారి. బయటికి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే గతి, అదేమో తీరిగ్గా తాగుతుంది. పైన వరద తీసిన తర్వాత కింద లంకల్లో మొదలవుతుంది. ఏలూరు-కైకలూరు రోడ్డు చిన ఎడ్లగాడి దగ్గర మునిగింది. అప్పటికి విజయవాడ స్టేషన్లకు వరద అయిపోయి పండగ ఆఫర్లు వచ్చేశాయి. మంత్రివర్గం ఇచ్చిన మూడు చానెళ్ళ కంటే బుడమేరే ముందు ఏలూరు జిల్లా చేరింది.

"మేం వార్తలు చెప్పకూడదండీ, చట్టం ఒప్పుకోదు" అని ప్రైవేటు ఎఫ్ఎం యజమానులు కళ్ళొత్తుకుంటారు. నిజమే, సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలను మాత్రం ఉన్నవి ఉన్నట్టు వినిపించుకోవచ్చు. గంటకు పది నిమిషాలు వార్తలకు అనుమతించమని 2023 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది కూడా. టీవీలో పొద్దస్తమానం అరుపులు వినొచ్చు, రేడియోలో రెండు ముక్కల వార్త వింటే దేశానికి ప్రమాదం అన్న ఈ నిబంధన ఏ బుర్రలో పుట్టిందో ఆ బుర్రకు దండం. కానీ అదే నియమాల్లో ఇంకో మాట ఉంది. వాతావరణం, ట్రాఫిక్, ఉద్యోగాలు, పరీక్షలు, కరెంటు, మంచినీళ్ళు, ప్రకృతి వైపరీత్యాల మీద స్థానిక అధికారులిచ్చే ప్రకటనలు వార్తల కిందికి రావు, నిక్షేపంగా చెప్పుకోవచ్చు. అంటే ఎడ్లగాడి దగ్గర రోడ్డు మీద నీళ్ళున్నాయి, అటు పోకండి అని చెబితే ఎవరూ పట్టుకెళ్ళరు. చట్టం నోరు కట్టింది సగమే. మిగతా సగం ప్రకటనలతో నిండిపోయింది.

ఇంతకీ ఈ గాలి ఎవరిది? గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9నే తేల్చింది. ఆ ధర్మాసనంలో మన తెలుగాయన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. ఆస్తి ప్రజలదని తేలాక జరిగిందేమిటంటే, దాన్ని వేలానికి పెట్టారు. వేలంలో పాడే శక్తి లేని ప్రజలకు కమ్యూనిటీ రేడియో అనే చిన్న కిటికీ తెరిచారు, మామూలుగా 100 వాట్లు మించకుండా, తమ ఊరూ చుట్టుపక్కల నాలుగూళ్ళూ వినేటంత. ఆ కిటికీలోంచే 2008లో జహీరాబాద్ పక్క మాచునూరులో దళిత మహిళలు సంగం రేడియో పెట్టి విత్తనాల గురించి, పంటల గురించి తమ యాసలో మాట్లాడారు. భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ 90.4 మీద రేడియో విష్ణు నడిపింది. కాలేజీలకీ, కృషి విజ్ఞాన కేంద్రాలకీ, స్వచ్ఛంద సంస్థలకీ అర్హత ఉంది. ఏలూరు చుట్టూ కాలేజీలకు కరువా? హైవే పొడుగునా ఫీజుల హోర్డింగులే. ఆ హోర్డింగు ఖర్చులో కొంత ఒక ఏంటెనా స్తంభానికి పెట్టొచ్చు, కాకపోతే దాని మీద ర్యాంకుల ఫొటోలు అంటించడం కుదరదు.

ఢిల్లీ పెద్దలకూ, అమరావతి పెద్దలకూ ఒక మనవి. ఏలూరు చానెళ్ళు మూడింటినీ కొనేవాళ్ళు వస్తే సంతోషం. వాళ్ళ చేత ఒక షరతు మీద సంతకం పెట్టించండి, రోజులో కొన్ని గంటలైనా ఏలూరులో కూర్చున్న మనిషి ఏలూరు సంగతి మాట్లాడాలని. కొనేవాళ్ళు రాకపోతే ఆ మూడింటిలో ఒకటి ఆకాశవాణికే ఇచ్చి ఏలూరులో ఒక స్టూడియో గది తెరవండి. గూడేనికి ఒక రిలే వేయండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు కైకలూరును కృష్ణా నుంచి తెచ్చి మాలో కలిపారు, గూడేన్ని భీమవరం కింద పెట్టారు. గీతలు ఎలా గీసినా వరద ఒకటే, ఉల్లి ధర ఒకటే, మబ్బు ఒకటే. కలెక్టరు గారు ఇక్కడే ఉన్నారు, ఇరిగేషన్ వాళ్ళు ఇక్కడే ఉన్నారు, మత్స్యశాఖ ఇక్కడే ఉంది. చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ సిద్ధం. మైకు ఒక్కటి పంపండి.