సంక్రాంతికి చవగ్గా విమానం ఎక్కే మార్గం

హైదరాబాద్ నుంచి విశాఖ. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. పండక్కి అత్తవారింటికి ప్రయాణం. విమానం ఎక్కి కూర్చుంటే గంటా ఇరవై నిమిషాల పని. దీనికోసం నవంబర్‌లోనే డబ్బు కట్టేసి హాయిగా నిద్రపోయేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన కిటుకులు ఇవి. ఒక్కటీ దాచుకోకుండా చెబుతున్నాను. వరసగా పాటించండి.

1. ముందుగా కొనకండి. ఒకే విమానంలో, పక్కపక్క సీట్లనే సంస్థలు రకరకాల ధరల మెట్లుగా విడగొట్టి పెడతాయి. కింది మెట్టు సీట్లు అయిపోగానే పై మెట్టు తెరుస్తాయి. తొందరపడేవాళ్లంతా ఆ కింది మెట్ల మీద ఎగబడి తోసుకుంటారు. తోసుకోనివ్వండి. వాళ్లు వెళ్లిపోయాక రద్దీ ఉండదు, మనం తీరిగ్గా చూసుకోవచ్చు. ఎయిర్ డెక్కన్ ఒకప్పుడు రూపాయికి టికెట్ అమ్మింది. ఒకసారి అమ్మారంటే మళ్లీ అమ్ముతారు. భోగికి మూడు రోజుల ముందుదాకా ఆగండి.

2. ఆగమన్నాను కదా అని ఊరికే కూర్చోకండి. రోజుకు ఇరవైసార్లు ధర చూడండి, అదీ ఆఫీసు వేళల్లో, ఆఫీసు నెట్ మీద. ధర పెరిగితే రేపు తగ్గుతుంది. తగ్గితే రేపు ఇంకా తగ్గుతుంది. రెండు విధాలా ఇవాళ కొనక్కర్లేదు. ధర తగ్గినప్పుడు ఫోనే మోగి చెప్పే అలర్ట్ ఒకటి ఉంటుంది. పెట్టుకోకండి. అది మోగితే లేచి కొనాల్సివస్తుంది.

3. రైలు దారి మూసేయండి. రైల్వేవాళ్లు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సరిగ్గా ఆ వారమే ఇంట్లోవాళ్లు ‘పోనీ గోదావరికి చేసేద్దామా, వందే భారత్‌కి చేసేద్దామా’ అని మొదలుపెడతారు. ‘విమానం దాదాపు అయిపోయినట్టే’ అనండి. ఇందులో అబద్ధం లేదు. అయిపోయింది అనలేదు, అయిపోయినట్టే అన్నారు. చేతిలో రైలు టికెట్ ఉన్న మనిషికి బేరం మీద పట్టుదల రాదు, అందుకే ఈ జాగ్రత్త.

4. చివరికి కొనేటప్పుడు బామ్మర్ది క్రెడిట్ కార్డు వాడండి. డిస్కౌంట్ శాతం పెద్దక్షరాల్లో ఉంటుంది, గరిష్ఠ పరిమితి చిన్నక్షరాల్లో ఉంటుంది. పెద్దక్షరాలే చదవండి. ఆఖరి మెట్టులో కన్వీనియెన్స్ ఫీజు, సీటు ఎంపిక డబ్బు, బీమా కలిసి ఆ డిస్కౌంటును మింగేస్తాయి. మింగనివ్వండి, బిల్లు వచ్చేది బామ్మర్దికి.

5. ఇది నా ప్రాణంలాంటి కిటుకు. నేరుగా వెళ్లే విమానం కొనకండి. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు ఒక టికెట్, బెంగళూరు నుంచి విశాఖకు వేరే సంస్థలో ఇంకో టికెట్ తీసుకోండి. మనిషికి రెండు మూడు వందలు మిగలొచ్చు. పీఎన్‌ఆర్‌లు వేరు కాబట్టి మీ పెట్టెలు వాటంతట అవి రెండో విమానం ఎక్కవు. దిగి, బెల్టు దగ్గర నిలబడి, పెట్టెలు తీసుకుని, బయటికి నడిచి, మళ్లీ లోపలికి వచ్చి కౌంటర్లో ఇవ్వాలి. ఆ కౌంటర్ విమానం బయల్దేరడానికి గంట ముందే మూసేస్తారు. అందుచేత రెండింటి మధ్య గంటా ఇరవై నిమిషాలు ఉండేలా చూసుకోండి. అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే పిల్లలు దోసెలు అడుగుతారు, ఎయిర్‌పోర్టు దోసె ధర మీకు తెలుసు.

6. చిన్నపిల్లకు టికెట్ కొనకండి. రెండేళ్లు నిండనివాళ్లు ఒళ్లో కూర్చుని తక్కువ డబ్బుతో వెళ్లిపోతారు. మీ అమ్మాయికి మూడు నిండితే ఏం, శాలువా చుట్టి భుజాన వేసుకోండి. కౌంటర్లో పుట్టినతేదీ కాగితం అడుగుతారు. ఇంట్లో మర్చిపోయామనండి. ఈలోగా అమ్మాయి శాలువాలోంచి తల బయటపెట్టి నర్సరీ పద్యం అందుకుంటుంది. అప్పుడు ఆ రోజు ధరకే ఒక సీటు కొనేయండి. అప్పటిదాకా ఆ డబ్బు మన దగ్గరే ఉంది కదా, లాభమంటే అదే.

7. లగేజీకి ముందుగా డబ్బు కట్టకండి. దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా మనిషికి 15 కిలోలు లోపల వేయడానికి, 7 కిలోలు చేత్తో పట్టుకెళ్లడానికి ఇస్తారు. మిగతాది ఒంటిమీద వేసుకోండి. మీకు రెండు ప్యాంట్లు, పెద్దవాడికి మూడు స్వెట్టర్లు, కోటు జేబుల్లో చార్జర్లు. పవర్‌బ్యాంకు మాత్రం లోపల వేసే పెట్టెలో అట్టడుగున, పట్టుచీరల కింద పెట్టండి. అక్కడ దాన్ని ఒప్పుకోరు, మీ పేరు పిలిచి పెట్టె మొత్తం విప్పిస్తారు. ఎన్ని చీరలు తీసుకెళుతున్నారో నలుగురూ చూస్తారు, ఆ గౌరవం కొన్నా దొరకదు.

8. శంషాబాద్‌కు కారు మాట్లాడకండి. పుష్పక్ బస్సుంది. ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది.

9. బెంగళూరులో రెండో విమానం తప్పిపోయాక కంగారు పడకండి. ఎక్కకపోయినా విమానాశ్రయ రుసుముల్లాంటివి తిరిగి అడిగే హక్కు మీకుంది. కానీ దానికి ఫారం నింపాలి, మెయిల్ రాయాలి, రెండుసార్లు గుర్తుచేయాలి. వదిలేయండి. బయటికొచ్చి బస్సెక్కండి. నెల్లూరు, ఒంగోలు, బెజవాడ, రాజమండ్రి మీదుగా దాదాపు వెయ్యి కిలోమీటర్లు. నేరుగా వెళ్లినవాడికి వీటిలో ఒక్క ఊరూ కనబడదు.

10. అత్తగారికి ఫోన్ చేసి ‘పొగమంచండీ’ అనండి. భోగి రోజుల్లో ఈ మాటను కాదనేవాళ్లు లేరు. మామగారు టీవీలో చూసి ‘ఇక్కడ ఎండగా ఉందే, అల్లుడుగారూ’ అంటే, సిగ్నల్ లేదని పెట్టేయండి.

11. తిరుగు టికెట్ కనుమ సాయంత్రానికి తీసుకోండి. కనుమ నాడు కాకైనా కదలదంటారు, కాబట్టి ఆ రోజుకు గిరాకీ తక్కువ, ధర అందుబాటులో ఉంటుంది. బస్సు మిమ్మల్ని కనుమ పొద్దున దింపుతుంది. స్నానం చేసి గారెలు, కోడికూర ముందు కూర్చునేసరికి మధ్యాహ్నం అవుతుంది. అప్పుడు లేచి ‘విమానం టైమైంది’ అనండి. అత్తగారు కాకి మాట ఎత్తుతారు, ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతాయి, మీ ఆవిడ సంచి లోపల పెట్టేస్తుంది. ఆ టికెట్ పోయినట్టే. మంచం మీద నడుం వాల్చి, ఫోన్ తీసి, ముక్కనుమ మర్నాటికి ధర ఎంతుందో చూడండి. ఎక్కువే ఉంటుంది. కొనకండి, రేపు తగ్గుతుంది.