లాయరమ్మ నెత్తిన నేను

నేను గుర్రపు వెంట్రుకల విగ్గుని. పౌడరు అద్దే బాధ తప్పిస్తూ 1822లో హంఫ్రీ రావెన్స్‌క్రాఫ్ట్ పేటెంట్ తీసుకున్న జాతి నాది. నుదుటి మీద నొక్కులు, వెనక రెండు పిలకలు, నల్ల రేకు డబ్బాలో కాపురం. లండన్ బార్‌లో తెల్లగా మెరిసే విగ్గును చూసి నవ్వుతారు. మాసి పసుపు తిరిగితేనే మర్యాద. నాకిప్పుడు ఆ రంగు వచ్చిందిలెండి.

మా లాయరమ్మ మొదట చదివింది చరిత్ర. తర్వాత లా, బార్ కోర్సు, గ్రేస్ ఇన్ అనే లాయర్ల సంఘంలో విందులు, ఏడాదిపాటు సీనియర్ల వెనక తిరుగుడు. తోటివాళ్లు హత్యలూ విడాకులూ చూసుకుంటుంటే ఈవిడ పబ్లిక్ లా పట్టుకుంది. మీ హైకోర్టులో సర్కారు మీద రిట్ వేస్తారే, ఇంచుమించు అదే. ఇక్కడ జ్యుడీషియల్ రివ్యూ అంటారు. జ్యూరీ ఉండదు, బోనెక్కే సాక్షులు అరుదు, అంతా కాగితాలే. నిర్ణయం వెలువడ్డ 3 నెలల్లోపు, అదీ జాగు చేయకుండా, కేసు వేయాలి. ముందు విచారణకు అనుమతి దొరకాలి.

నిర్ణయం మంచిదా చెడ్డదా అని కోర్టు అడగదు. ఆ అధికారం నీకుందా, వినాల్సినవాళ్ల మాట విన్నావా, బుద్ధున్నవాడెవడైనా ఇలా చేస్తాడా అనే అడుగుతుంది. ఆ మూడోది 1947 నాటి వెడ్నెస్‌బరీ కేసు పుణ్యం. ఆదివారం సినిమాకు 15 ఏళ్లలోపు పిల్లల్ని రానివ్వొద్దని ఊరి కార్పొరేషన్ షరతు పెడితే హాలువాళ్లు కోర్టుకెక్కి ఓడిపోయారు. వాళ్లు ఓడిన తీర్పునే నేటికీ అందరూ వల్లిస్తారు!

నిన్న హోం ఆఫీసు తరఫున నిలబడిన మనిషే ఇవాళ ఓ ఊరి కౌన్సిల్ మీద విరుచుకుపడుతుంది. బార్ నియమం అలాంటిది: టాక్సీ స్టాండులో ముందున్న బండిలా, వచ్చిన కేసు తన రంగానిదైతే, తీరిక ఉంటే, కాదనకూడదు. నెత్తిన కూర్చున్న నాకే ఒక్కోసారి మనం ఎటువైపో తికమక.

2008లో సివిల్ కేసుల జడ్జీలు మమ్మల్ని దించేశారు. సుప్రీంకోర్టులోనైతే లాయర్లూ విగ్గు లేకుండా వాదించవచ్చు. 2019లో పార్లమెంటును ప్రధాని మూయించడం చెల్లదని 11 మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పిన రోజున మా జాతికి అక్కడ పనే లేదు. ఆ కడుపుమంట నాకింకా ఉంది.

మొన్న స్ట్రాండ్‌లోని రాయల్ కోర్టుల్లో ఓ ముసలాయన కేసు. ఆయన రోజూ వెళ్లే వృద్ధుల కేంద్రాన్ని మూసేయాలని కౌన్సిల్ ముందే తేల్చుకుని, ఆనక అభిప్రాయాలు చెప్పమంది. ఫైల్లోని ఓ ఈమెయిల్ తేదీ మీద పసుపు చీటీ అంటించి, లాయరమ్మ జడ్జిగారి చేత ఆ పేజీ తిప్పించింది. నిర్ణయం కొట్టేశారు.

బయట పెద్ద హాల్లో ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, "ఇక మూయరుగా?" అన్నాడు.

"మళ్లీ మొదట్నుంచి అడగాలండీ. ఈసారి మీ మాట నిజంగా విని, తర్వాత మూసినా మూయవచ్చు," అంది. "అభిప్రాయాల ఫారం వస్తుంది. మీ ఊళ్లో అందరి చేతా రాయించండి."