ఒర దాటిన నందకం

తాళ్ళపాక పొలంలో ఒక కుర్రాడు గడ్డి కోస్తున్నాడు. ఎడమచేత్తో దుబ్బును ఒడిసిపట్టి కుడిచేత్తో కొడవలి లాగుతున్నాడు. చేయి పనిలో ఉంది గానీ మనసు లేదు. పెదవుల మీద ఏదో పదం ఆడుతోంది. పొద్దస్తమానం పాడుకుంటూ కూర్చుంటాడని విసుక్కుని, పశువులకు మేత తెమ్మని ఇంట్లోవాళ్ళు తరిమారు. ఒక్క లాగులో కొడవలి గడ్డితోపాటు చిటికెనవేలినీ కోసింది. పచ్చగడ్డి మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. "అమ్మా!" అన్నాడు.

ఆ అరుపు నాది కూడా. ఆ కుర్రాడే అన్నమయ్య. ఆయన్ని నందకాంశ అన్నారు పెద్దలు. ఆ నందకాన్ని నేనే, శ్రీహరి చేతి కత్తిని. యుగయుగాలుగా కోయడమే తప్ప కోత పడటం ఎరగని నాకు, తెగితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

నా పుట్టుక అగ్నిపురాణంలో ఉంది. మేరు శిఖరం మీద, ఆకాశగంగ ఒడ్డున బ్రహ్మ యజ్ఞం చేస్తుంటే లోహుడనే రాక్షసుడు అడ్డం వచ్చాడు. అప్పుడు హోమాగ్నిలోంచి వెలువడ్డాను. నన్ను చూసి దేవతలు ఆనందించారు, అందుకే నందకం అన్నారు. విష్ణువు నన్ను పిడికిట పట్టి మెల్లగా ఒరలోంచి లాగాడు. నా అలుగు నీలం, నా పిడి రత్నమయం. నూరు చేతుల లోహుడు గద తిప్పుతూ మీదికి వచ్చాడు. వాడి అంగాలు ఒక్కొక్కటే తెగి నేల రాలాయి. నా స్పర్శ తగిలి అవన్నీ ఇనుమయ్యాయి. లోకానికి ఆయుధాలుగా పనికి రమ్మని స్వామి వాటికి వరమిచ్చాడు.

ఆ లెక్కన భూమ్మీద ఇనుమంతా నాకు చుట్టమే. నాగలి కర్రు, తలుపు గొళ్ళెం, ఏనుగు కాలి గొలుసు, అన్నీ నా బంధువులే. తాళ్ళపాక కొడవలి కూడా. నా వేలు కోసింది నా చుట్టమేనన్నమాట.

స్వామి పేర్లలో నా వల్ల వచ్చినది ఒకటుంది. సహస్రనామాల చిట్టచివర, శంఖచక్రాల పక్కన, నందకి అని పిలుస్తారాయన్ని. నాకు అంతకంటే గొప్పగా తోచేది విష్ణుపురాణం చెప్పిన మాట. ఆ పురాణం స్వామి ఒంటి మీది ప్రతి ఆభరణానికీ, ప్రతి ఆయుధానికీ అర్థం చెబుతూ, అచ్యుతుడి కత్తి విద్య అంది. ఆ కత్తి దాగే ఒర అవిద్య అంది. నా కోసం శత్రువును బయట వెతకనక్కర లేదు. నేను పడుకునే ఒరే నా శత్రువు. అందులో ఉన్నంతసేపూ నేను ఉండీ లేనట్టే. లాగితేనే వెలుగు.

శిల్పులకు ఇది బాగా తెలుసు. బెట్వా నది ఒడ్డున దేవగఢ్‌లో గుప్తుల కాలపు గుడి ఉంది. అక్కడ శేషశాయి శిల్పం కింద విష్ణువు ఆయుధాలు మనుషుల రూపంలో మధుకైటభుల మీదికి కదులుతాయి. వాటిలో నేనూ ఒక యువకుణ్ణి. పైన స్వామి నిద్రలో ఉన్నాడు, కింద ఆయుధాలు మేలుకుని ఉన్నాయి. ఆ రాతి ముందు నిలబడితే, కాపలా అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. 578లో చాళుక్యులు తొలిపించిన బాదామి 3వ గుహలో ఎనిమిది చేతుల విష్ణువు నన్ను ఒక చేత పట్టుకుని నిలిచాడు. తిరుమల మూలవిరాట్టు మాత్రం నన్ను చేత పట్టడు. పై చేతుల్లో శంఖచక్రాలు, కింది చేతుల్లో ఒకటి వరదహస్తం, ఒకటి కటిహస్తం. నేను ఆయన నడుమున సూర్యకఠారి అనే బంగారు నగగా వేలాడుతుంటాను. చెయ్యి ఖాళీగా ఉంటేనే కదా వరమివ్వగలిగేది.

నేను మనిషినై పుట్టడం అన్నమయ్యతో మొదలు కాదు. మైలాపూరులో ఒక బావిలోని ఎర్రకలువలో పుట్టిన పేయాళ్వారు అనే తమిళ భక్తకవిని కూడా నా అంశే అంటారు. ఒక వాన రాత్రి తిరుక్కోవలూరులో ఇరుకు నడవలో పొయ్‌గై ఆళ్వారు తలదాచుకున్నాడు. అది ఒకరు పడుకోగల చోటు. పూదత్తాళ్వారు వచ్చాక ఇద్దరూ కూర్చున్నారు. పేయాళ్వారు వచ్చాక ముగ్గురూ నిలబడ్డారు. అంతలో నాలుగోవారెవరో మధ్యలో చేరి ఒత్తుకుంటున్నట్టు అనిపించింది. శంఖం అంశగా పుట్టిన పొయ్‌గై పాటతో ఒక దీపం వెలిగించాడు, గద అంశగా పుట్టిన పూదత్తాళ్వారు ఇంకో దీపం వెలిగించాడు. ఆ వెలుగులో స్వామిని ముందు చూసి, చూశానని పాడింది పేయాళ్వారు. ముగ్గురూ నూరేసి పాశురాలు చెప్పారు. యుద్ధంలో నేను ఎన్ని తలలు తీశానో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ చీకటి నడవలో ఒక్కసారి చీల్చిన చీకటిని మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత తెలుగునేల. సంతానం లేని నారాయణసూరి, లక్కమాంబ కొండకు వెళ్ళి గరుడగంభం దగ్గర సాగిలపడ్డారు. స్వామి వాళ్ళకు నన్ను ప్రసాదించాడు. 1408లో వైశాఖ మాసం విశాఖ నక్షత్రంలో అన్నమయ్య పుట్టాడు. ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో తాతగారి చరిత్ర రాశాడు. ఈ కథలు మీకు చేరింది ఆయన చలవ వల్లే.

ఇప్పుడు మళ్ళీ ఆ పొలానికి వస్తాను. రక్తం కారుతోంది. పిలిచిన అమ్మ రాలేదు. నొప్పి పడాల్సింది తనే, ఎవరూ పంచుకునేది కాదు. వేలు తెగిన చోటే ఇల్లూ, అయినవాళ్ళూ, పాలూ పంపకాలూ అన్న ముడి కూడా తెగింది. కొడవలి గట్టున పారేసి, దారినపోతున్న తిరుపతి యాత్రికుల వెంట నడిచాడు. స్వామి చేతిలో వెయ్యి యుద్ధాలు చేసినా నాకు రాని పదును, పశువుల మేత కోసే పనిముట్టు పెట్టింది.

పదహారేళ్ళ వయసులో స్వామి కనబడ్డాడు. అప్పటి నుంచి రోజుకు ఒక సంకీర్తనకు తక్కువ లేదు. ఇనుము రెండోసారి ఎదురైంది పెనుగొండలో. అలమేలుమంగ మీద పాడినట్టే తన మీదా ఒక పదం పాడమన్నాడు అక్కడి ప్రభువు. హరిని పాడిన నోట నరుణ్ణి పాడనన్నాడు అన్నమయ్య. కాళ్ళకూ చేతులకూ సంకెళ్ళు పడ్డాయి. లోహుడి వంశం మళ్ళీ అడ్డం వచ్చిందనుకున్నాను. కానీ ఆ చెరలో అలుగు లేదు, పిడి లేదు, లాగే చెయ్యి లేదు. ఒక గొంతు మాత్రం ఉంది. ఆయన పాడాడు. సంకెళ్ళు ఊడి కిందపడ్డాయి. ఒక్క చుక్క నెత్తురు చిందలేదు. విద్య అంటే నా అర్థం ఇదేనని ఆనాడు నాకు నమ్మకం కుదిరింది.

మూడోసారి ఇనుము ఉలి రూపంలో వచ్చింది. అన్నమయ్య 32,000 సంకీర్తనలు చెప్పాడంటారు. కొడుకు పెద తిరుమలాచార్యుడు వాటిని రాగిరేకుల మీద చెక్కించాడు. సన్నటి ఉలి మొన రాగిలో దిగుతుంటే చిన్న చిన్న రజను పక్కకు లేస్తుంది. లోతు ఎక్కువైతే రేకు చిరుగుతుంది, తక్కువైతే అక్షరం అరుగుతుంది. అన్నమయ్యకు స్వామి కనబడిన క్రోధి సంవత్సరం, ఆయన వెళ్ళిపోయిన దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి, అంటే 1503, రెండూ ఆ రేకుల మీద ఉన్నాయి. కొడవలి గాయం చేసింది, సంకెల బంధించింది, ఉలి నిలబెట్టింది. నా చుట్టాల్లో ఒకడు చివరికి నా పని అందుకున్నాడు.

ఆ రేకులు తిరుమల గుడిలోని భాండాగారంలో చేరి, కొన్ని తరాలకు చీకట్లో మరుగున పడ్డాయి. ఆ రాతి గది నాకు మరో ఒర. 1922లో అవి వెలుగు చూశాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు వాటిని చదివి, పరిష్కరించి, స్వరం కట్టి జనానికి ఇచ్చారు. 12,000కు పైగా పాటలు దక్కాయి. మిగిలినవి పోయాయే అన్న బాధ నాకు తీరదు. ప్రతి పోయిన పాటా నా అంచున ఒక నొక్కు.

ఇప్పటికీ తిరుమలలో తెల్లవారుజామున తాళ్ళపాకవారు మేలుకొలుపు పాడతారు. రాత్రి ఏకాంతసేవలో వాళ్ళదే లాలి. కత్తిగా పుట్టి జోలపాటనయ్యాను. కోయవలసినవి ఇంకా చాలా ఉన్నాయి, వాటిని ఇలాగే కోస్తాను.