కేఏ మామ

గోరంట్లలో కేఏ మామ ఒక్కడు కాడు. బస్టాండు దగ్గర ఒకడుంటాడు, మాధవరాయస్వామి గుడి వెనక ఇద్దరుంటారు, పాలసముద్రం దారిలో పల్లెకొకడు తగులుతాడు. అందరినీ కలిపి ఒకే మనిషి అనుకుంటే ఆయన పుట్టింది ఇక్కడే, ఓటు ఇక్కడే, చేను ఇక్కడే, బ్యాంకులో క్రాప్ లోను ఇక్కడే. కారు ఒక్కటే బెంగళూరుది. అది ఈ ఊరికి వచ్చి ఏళ్ళు గడిచినా ఇంకా చుట్టపుచూపుగానే ఉంటోంది.

నంబర్లలో ఆయనకు హెచ్చుతగ్గులున్నాయి. కేఏ 03 అంటే ఇందిరానగర్, 05 అంటే జయనగర్. ఇవి గొప్పింటి నంబర్లు. 50 యలహంక, పరవాలేదు. 40 అంటే మాత్రం ముఖం అదోలా పెడతాడు. అది చిక్కబళ్ళాపురం, అందులో బాగేపల్లి ఉంది, బాగేపల్లిలో మనకన్నా గట్టిగా తెలుగు మాట్లాడతారు. "దానికంటే ఏపీ నంబరు పెట్టుకునేది మేలు కదప్పా" అంటాడు. ఏపీ నంబరు మీద కూడా ఆయనకొక అలక ఉంది. మన అనంతపురానికి 02 ఉండేది. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే 39 చేశారు. "శ్రీకాకుళమోడిదీ ముప్పైతొమ్మిదే, నాదీ ముప్పైతొమ్మిదే అయితే ఇంక మనదనేది ఏముండాది?" అని ఆయన ప్రశ్న. ప్రశ్న బాగుంది కానీ ఆయన కారు కొన్నది అంతకు చాలా ముందే.

కొనడం కూడా ఒక తంతు. బెంగళూరులో సాఫ్ట్‌వేరు పిల్లోళ్ళు మూడు నాలుగేళ్ళకే బండి మారుస్తారని ఆయనకు తెలుసు. మెకానిక్‌ను వెంటబెట్టుకొని కొడికొండ, బాగేపల్లి, దేవనహళ్ళి దాటి హెబ్బాళలో దిగుతాడు. బానెట్టు ఎత్తించి, ఆయిల్ గేజి లాగి వేళ్ళ మధ్య రుద్ది, కిందికి వంగి తుప్పు చూసి, పెదవి విరుస్తాడు. ఒక్కో విరుపుకు ఐదువేలు తగ్గుతుందని లెక్క. బేరం తెగాక ఓనరు చేత ఫారం 29, ఫారం 30 మీద తేదీ వెయ్యకుండా సంతకాలు పెట్టించుకుంటాడు. ఓపెన్ సంతకాలంటే ఇవే. వాటిని ప్లాస్టిక్ కవర్లో చుట్టి డ్యాష్‌బోర్డు అరలో కదిరి నరసింహస్వామి పటం వెనక దాస్తాడు. కొన్నవాడు పేరు మార్పించుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. ఎండకు ఆ సంతకాల సిరా సగం వెలిసిపోయింది. అక్కడ ఇంకా సంతకం ఉందో లేదో స్వామికే తెలియాలి.

వెనక అద్దం మీద పాత ఓనరు అంటించిన పునీత్ రాజ్‌కుమార్ స్టిక్కరును మామ తీసెయ్యలేదు. కన్నడ సినిమా ఒక్కటీ చూసిన పాపాన పోలేదు గానీ అది సాక్ష్యంగా పనికొస్తుందట. దాని కిందే "జై బాలయ్య" అని కొడుకు ఇంకొకటి అంటించి సాక్ష్యం పాడుచేశాడు.

ఈ మధ్య వస్తున్న బండ్లలో కొన్నిటి జాతకం మరీ తమాషా. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది. 2019 ఆగస్టులో అక్కడి నుంచి మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. అక్కడ తయారైన కారు బెంగళూరు షోరూముకు పోయి, కేఏ నంబరు తగిలించుకొని, కొన్నేళ్ళు సిల్కుబోర్డు జంక్షన్లో నిలబడి నిలబడి, సెకండ్ హ్యాండై గోరంట్లకు తిరిగొస్తుంది. పక్క మండలంలో పుట్టిన ఆ కారును మామ వీధిలో అందరికీ "బెంగళూరు బండి" అనే చూపిస్తాడు.

పన్ను తక్కువని కర్ణాటక నంబరు ఉంచుకున్నాడనుకుంటే మనం ఆయన్ను తక్కువ అంచనా వేసినట్టే. బండి పన్ను గట్టిగా గుంజే రాష్ట్రాల్లో కర్ణాటక ముందుంటుంది. 10 లక్షలు దాటిన కారుకు 17 శాతం, 20 లక్షలు దాటితే 18 శాతం లైఫ్ టాక్సు, దానిపైన సెస్సు. అయితే ఆ పన్ను మొదటి ఓనరు ఎప్పుడో కట్టేశాడు. ఇప్పుడు నంబరు మార్చాలంటే ఫారం 28 పెట్టి పాత ఆర్టీవో దగ్గర ఎన్‌ఓసీ తేవాలి. లోను ఉండింటే బ్యాంకు కాగితం తేవాలి. హిందూపురం ఆఫీసుకు బండిని తోలుకుపోయి చూపించాలి. బండి వయసును బట్టి ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్సు కట్టాలి. కట్టినాక, అక్కడ మిగిలిన పన్ను వాపసు ఇప్పించండని బెంగళూరుకు అర్జీ పెట్టుకోవాలి. "లైఫ్ టాక్సు అంటే బండి లైఫా, నా లైఫా?" అని మామ అడుగుతాడు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు దేశమంతా ఒకే పన్ను అన్నారు. బండి పన్ను మాత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రం దగ్గరే ఉండిపోయింది. ముందు ఇక్కడ కట్టు, తర్వాత అక్కడ అడుక్కో అనే ఈ పద్ధతిలో న్యాయం లేదని నేనూ ఒప్పుకుంటాను. ఆయన పక్షాన మాట్లాడటానికి నాకు దొరికింది ఇదొక్కటే.

ఎందుకంటే అసలు లాభం వేరే చోట ఉంది. 2019లో నవశకం పేరుతో బియ్యం కార్డుకు అర్హతలు పెట్టారు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు, నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ట్యాక్సీకి, ఆటోకు, ట్రాక్టరుకు మాత్రం మినహాయింపు. 2025లో తల్లికి వందనం డబ్బులు వేసినప్పుడూ కారున్న ఇంటిని పక్కన పెట్టారు. కంప్యూటరుకు కనిపించేది ఆర్సీలోని పేరు. మామ కారు ఇంకా బెంగళూరు కుర్రాడి పేరు మీదే ఉంది. కనక సచివాలయం కంప్యూటరు ముందు మామ కాలినడక మనిషి. కార్డు కోసం వేలిముద్ర వెయ్యడానికి ఆ కారులోనే పోయి, రెండు వీధుల అవతల వేపచెట్టు కింద ఆపి, మిగతా దూరం నడుస్తాడు. ఆ నడక చూసి తీరాలి. దిగేటప్పుడు ఉన్న నడుము సచివాలయం గేటు దగ్గరికి చేరేసరికి వంగిపోయి ఉంటుంది.

ఇంట్లో ఇంకో బండి ఉంది, కొడుకు బైకు. అది ఏపీ 02. కొడుకు ఉద్యోగం బెంగళూరులో, బైకు కూడా అక్కడే. తండ్రి కన్నడ నంబరుతో ఇక్కడ, కొడుకు తెలుగు నంబరుతో అక్కడ. రెండింటినీ మార్చుకుంటే సరిపోయేదని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. కొడుకు అక్కడ పడిన బాధలు ఇన్నీ అన్నీ కావు. 2014లో కర్ణాటక తన చట్టాన్ని సవరించి, బయటి రాష్ట్రం బండి 30 రోజులు దాటి ఉంటే లైఫ్ టాక్సు కట్టాల్సిందే అంది. సిగ్నళ్ళ దగ్గర బయటి నంబర్లను ఏరి ఏరి ఆపారు. 2016లో హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. ఆ 30 రోజుల గొడవ నడిచినన్నాళ్ళూ "ఇదేం రాజ్యమప్పా, పొరుగూరోడు బండి తోలుకుంటే కూడా పన్నా!" అని మామ ఇక్కడ టీ కొట్టు దగ్గర మండిపడేవాడు. అంటూ అంటూనే కేఏ తాళంచెవిని వేలికి తిప్పుకునేవాడు.

దేశమంతటికీ ఉన్న నియమం 12 నెలలు. మోటారు వాహనాల చట్టం 1988లో 47వ సెక్షను అది. వేరే రాష్ట్రంలో బండి 12 నెలలకు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. దీనికి మామ కనిపెట్టిన విరుగుడు బాగేపల్లి. సరిహద్దు దాటితే పెట్రోలు లీటరుకు ఆరేడు రూపాయలు తక్కువ. నెలకోసారి పోయి ట్యాంకు నింపించుకొని వస్తే పెట్రోలూ చౌక, 12 నెలల లెక్కా మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుందని ఆయన నమ్మకం. ఏ వకీలూ ఆయనకు అలా చెప్పలేదు. ఆయన ఏ వకీలునూ అడగలేదు.

ఈ నమ్మకానికి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఒకసారి పరీక్ష వచ్చింది. కర్ణాటక మందు లోపలికి రాకుండా కాపలా కాసిన రోజులవి. 2020లో దీనికోసం స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో కూడా పెట్టారు. కేఏ నంబరు కనబడితే డిక్కీ తెరవాల్సిందే.

"బెంగళూరు నుంచేనా? డిక్కీ తియ్యప్పా" అన్నాడు కానిస్టేబులు.

మామకు రోషం వచ్చింది. "బెంగళూరేంది సార్, గోరంట్లోన్ని నేను! గుడి వెనకాలే ఇల్లు. దినామూ తిరిగే బండి ఇది."

పక్కనే టీ తాగుతున్న బ్రేక్ ఇన్‌స్పెక్టరు గ్లాసు కింద పెట్టాడు. "గోరంట్లేనా? దినామూ తిరుగుతాదా? ఎన్నాళ్ళ నుంచి?"

"అంటే సార్... నిన్న రాత్రే బెంగళూరు నుంచి వచ్చినా."

"బెంగళూరా? అయితే డిక్కీ తియ్యి" అన్నాడు కానిస్టేబులు మళ్ళీ.

డిక్కీలో మందు లేదు. యూరియా మూట ఉంది, దాని మీద గోరంట్ల సొసైటీ చీటీ ఉంది.

"బెంగళూరులో యూరియా వేసి ఏం పండిస్తాండావప్పా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మా వాని అపార్ట్‌మెంటు మీద మల్లెచెట్లుండాయి సార్."

ఆ రోజు ఎంత కట్టాడో మామ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఈ తెలివి గోరంట్లలోనే పుట్టిందని గర్వపడక్కర్లేదు. గోదావరి జిల్లాల పక్కనే యానాం ఉంది, పీవై 04 నంబరుతో. 2017లో కేరళలో సినిమావాళ్ళ ఖరీదైన కార్లకు పుదుచ్చేరి నంబర్లు బయటపడి కేసులయ్యాయి. అమెరికాలో సేల్స్ టాక్సు లేని మోంటానా రాష్ట్రంలో కాగితం మీద ఒక కంపెనీ పెట్టి, దాని పేరున కారు కొని, కాలిఫోర్నియాలో తిరిగేవాళ్ళున్నారు. వాళ్ళవి కోట్ల కార్లు. మనోడిది వెనక సీట్లో వేరుశెనగ మూట పెట్టుకునే కారు. అంతే తేడా.

కాకపోతే గోరంట్ల మండలానికి ఒక ప్రత్యేకత ఉంది. కస్టమ్స్, పరోక్ష పన్నుల ఆఫీసర్లకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ, నాసిన్, పాలసముద్రంలోనే ఉంది. ప్రధాని మోదీ 2024 జనవరి 16న దాన్ని ప్రారంభించారు. పన్ను రాబట్టే చదువూ, తప్పించుకునే చదువూ ఒకే మండలంలో దొరుకుతున్నాయి. ఆ దారిన పోయే కార్లలో ఒకదానికి బీహెచ్ నంబరు చూసి మామ మనసు పారేసుకున్నాడు. 2021లో వచ్చిన సిరీస్ అది, రాష్ట్రం మారినా నంబరు మారదు. ప్రభుత్వ ఉద్యోగులకో, నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీలో పనిచేసేవాళ్ళకో ఇస్తారని తెలిసి ఉసూరుమన్నాడు. మామకు రెండు రాష్ట్రాల్లో ఉన్నవి ఇక్కడొక చేను, అక్కడొక చీటీ.

బెంగళూరులో కూర్చొని ఇది చదివి నవ్వుకుంటున్నవాళ్ళకు ఒక మాట. మీరు ఎప్పుడో అమ్మిన ఆ కారు ఆర్సీలో మీ పేరే ఉంటే చట్టం దృష్టిలో ఓనరు మీరే. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. బండి ఎన్ని చేతులు మారినా సరే, ప్రమాదం జరిగితే పరిహారం ఆర్సీలో పేరున్నవాడి మీదికే వస్తుంది. కాబట్టి తేదీ లేని కాగితం మీద సంతకం పెట్టొద్దు. మామ ఎంత బతిమాలినా, పెట్టె నిండా పల్లీలు తెచ్చి ఇచ్చినా, పేరు మారిన ఆర్సీ కళ్ళతో చూసిన తర్వాతే రెండో తాళంచెవి చేతికియ్యండి.