అడగకుండా దిద్దిన వాక్యాలు

ప్రెస్సులో ప్రూఫులు దిద్ది బతికినవాణ్ణి. పెళ్లి శుభలేఖల దగ్గర్నుంచి శతకాల దాకా కాకినాడలో ఎన్నో నా కళ్ల ముందు నుంచే అచ్చుకి వెళ్లాయి. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉండేది. అక్షరం తప్పయితే దిద్దెయ్యాలి. మాటే తప్పనిపిస్తే మాత్రం కలం ఆపి, మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టి, ఆ కాగితం రాసినాయనకి పంపాలి. ఆయన ఔనంటే మార్పు, కాదంటే ఎలా రాశారో అలాగే అచ్చు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ గీత దాటలేదు. సామర్లకోటలో ఇంటిపట్టున కూర్చుని తెలుగు వికీపీడియాలో రాయడం మొదలుపెట్టాక దాటాను. అలా దాటి ఒక మనిషిని నొప్పించాను. అది దాచుకోకుండా చెప్పాలని ఇది రాస్తున్నాను.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన తెలుగు వికీపీడియా ఎవరైనా రాయదగ్గది, ఎవరైనా దిద్దదగ్గది. మీరు రాసినదాన్ని రేపు ఇంకొకరు మారుస్తారు, ఆ షరతుకి ఒప్పుకునే మీరు ప్రచురిస్తారు. పేజీ ఎవరి సొంతమూ కాదన్నది దాని పునాది. నేను ఆ మాటని తిరగేసి పట్టుకున్నాను. ఎవరిదీ కాదు కాబట్టి ఎవర్నీ అడగక్కర్లేదనుకున్నాను. మార్పు చేసేటప్పుడు కింద ఒక చిన్న పెట్టె ఉంటుంది, ఏం మార్చామో ఎందుకు మార్చామో ఒక ముక్క రాయడానికి. నేను దాన్ని ఖాళీగా వదిలేసేవాణ్ణి. ప్రతి పేజీ వెనకా ఒక చర్చ పేజీ ఉంటుంది, సందేహం వస్తే అడగడానికి. దాన్ని తెరిచేవాణ్ణే కాదు. ప్రెస్సులో మార్జిన్ చేసే పనంతా అక్కడ ఈ రెండూ చేస్తాయని నాకు తట్టలేదు. తట్టకపోవడం కూడా కాదు, తొందర. ఇన్ని వేల పేజీల్లో ఇన్ని తప్పులుంటే ఒక్కొక్కరినీ అడుగుతూ కూర్చుంటామా అనుకున్నాను.

ముందు చిన్నవి చెబుతాను. మా ఊరి పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉండటం నాకు నచ్చలేదు. రైల్వేవాళ్లు సామల్‌కోట్ అంటారు, మేం సామర్లకోట అంటాం. కనబడినచోటల్లా మా పలుకుబడికి మార్చుకుంటూ పోయాను. పాత పుస్తకం నుంచి కొటేషన్ గుర్తుల మధ్య ఉటంకించిన వాక్యాల్లో కూడా మార్చేశాను. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది వేరొకరి నోటి మాట. అందులో అక్షరం మారిస్తే ఆయన అననిది ఆయన చేత అనిపించినట్టే. ప్రూఫు రీడరుకి ఇది మొదటి రోజే చెప్పే సంగతి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారి మా ఊరు కాకినాడ జిల్లాలోకి వచ్చింది. ఉత్సాహంగా కూర్చుని, మా చుట్టుపక్కల ఊళ్ల పేజీలన్నింటిలో తూర్పు గోదావరి అని ఉన్నచోటల్లా కాకినాడ అని పెట్టుకుంటూ పోయాను. స్వాతంత్ర్యానికి ముందు పుట్టినవాళ్లు సైతం నా చేతిలో కాకినాడ జిల్లాలో పుట్టినవాళ్లయిపోయారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేదాకా అసలు తూర్పు గోదావరి అన్న పేరే లేదు, అది గోదావరి జిల్లా. ఆ కాలం సంగతులున్న పేజీల్లోనూ చెయ్యి పెట్టాను. ఇది పొరపాటే గానీ దీనివల్ల ఎవరి మనసూ కష్టపడలేదు. ఒకాయన నా చర్చ పేజీకి వచ్చి, ‘అప్పటికి అది తూర్పు గోదావరే కదండీ, పాతది పాతగానే ఉంచి పక్కన ప్రస్తుత జిల్లా పేరు చేర్చమంటారా?’ అని అడిగారు. నా మార్పుని ఒక్క నొక్కుతో వెనక్కి తిప్పెయ్యగలిగీ అడిగారు. ఆ అడగడం చదివిన రోజునే, అంతకుముందు నేను నొప్పించిన మనిషి, మా కాలువ గురించి రాసినాయన గుర్తొచ్చి తిండి సహించలేదు. ఇప్పుడు ఆ సంగతి చెబుతాను.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తూర్పు డెల్టా కాలువలు పొలాలకి నీళ్లిచ్చాయి, వాటితో పాటు పడవలకి దారీ ఇచ్చాయి. సామర్లకోట కాలువ వాటిలో ఒకటి. నీటి మట్టం మారేచోట లాకులుండేవి. పడవ రెండు తలుపుల మధ్యకి వచ్చి ఆగితే, నీళ్లు వదిలి మట్టం సమం చేసి, అవతలి తలుపు తీసేవారు. ఆ కాలువ గురించి కొత్తగా ఖాతా తెరిచిన ఒకాయన ఒక పేరా రాశారు. లాకు దగ్గర పడవలు వంతు కోసం ఎలా నిలిచేవో, గట్టు మీద మనుషులు తాడు భుజానికి వేసుకుని పడవని ఎలా లాగేవారో, తలుపులు తీస్తుంటే పిల్లలు గట్టెక్కి ఎలా చూసేవారో రాశారు. వాక్యాలు కుదురుగా లేవు. ఒక వాక్యం మొదలై పూర్తి కాకుండానే ఇంకోటి వచ్చేది. మన వైపు మాట యథాతథంగా దిగింది. ఆధారం ఒక్కటీ లేదు.

నేను పేరా మొత్తం తీసేశాను. కారణం రాయలేదు.

ఆయన మళ్లీ పెట్టారు. మళ్లీ తీశాను. మూడోసారీ అదే జరిగింది. ఒక్క రోజులో ఒకే పేజీలో మూడుసార్లకు మించి ఎదుటివారి మార్పుని తిప్పికొట్టకూడదని ఇంగ్లీషు వికీపీడియాలో నియమం. అది నాకు తెలుసు. తెలిసి, మూడు దాకా నాకు హక్కుందనుకున్నాను. ఆ నియమం పెట్టింది జనం కొట్లాడుకోకుండా ఆపడానికి. మూడుసార్లు కొట్టుకోండని ఎవరూ అనుమతివ్వలేదు. అప్పుడాయన చర్చ పేజీలో రాశారు: ‘అయ్యా, నేను చూసిందే రాశాను. తప్పేంటో చెప్పండి, దిద్దుకుంటాను.’

నేను జవాబివ్వలేదు. చదివాను, ఊరుకున్నాను. నియమం నా వైపుంది, ఇంక చెప్పేదేముందిలే అనుకున్నాను.

నియమం నిజంగానే నా వైపుంది. కళ్లారా చూసినదైనా సరే, అచ్చులో ఎక్కడా లేకపోతే విజ్ఞాన సర్వస్వంలో నిలవదు, చదివేవారు సరిచూసుకునే దారి ఉండాలి. ఆ పద్ధతి మంచిదని ఇప్పటికీ అంటాను. కానీ ఆ సంగతి ఆయనకి ఎవరు చెప్పాలి? ‘ఆధారం చూపాలి’ అనే మూస ఒకటి ఉంది, వాక్యం పక్కన పెడితే చాలు, పేరా అలాగే ఉంటుంది, ఎవరైనా ఆధారం వెతికి తెస్తారు. అది పెట్టొచ్చు. పేరాని చర్చ పేజీలోకి మార్చి ‘దీనికి పుస్తకమేదైనా ఉందా అండీ’ అని అడగొచ్చు. వాక్యాలు కుదురుగా లేకపోతే అర్థం చెదరకుండా నేనే సర్దొచ్చు, చేతనైన పనే. ఇవేవీ చెయ్యలేదు. ఆయన ఖాతాలో మార్పుల జాబితా ఆ ప్రశ్నతో ఆగిపోయింది. తర్వాత ఒక్క అక్షరం లేదు.

మా అబ్బాయిది సాఫ్ట్‌వేరు ఉద్యోగం. వాళ్లు సందేహాలు అడుగుకునే స్టాక్ ఓవర్‌ఫ్లోలో కూడా ఒకరి ప్రశ్నని, జవాబుని ఇంకొకరు దిద్దొచ్చట. 2008 నుంచీ నడుస్తోంది. అక్కడ రెండు వేల పాయింట్లు సంపాదించేదాకా మనం చేసిన మార్పు నేరుగా ఎక్కదు, ఇతరులు చూసి ఔనంటేనే ఎక్కుతుంది. అచ్చుతప్పు దిద్దొచ్చు, అర్థం కానిది విడమరచొచ్చు. రాసినవాడి ఉద్దేశం మారిపోతే ఆ మార్పుని తిప్పి పంపుతారు. రాసినవాడి పేరు కిందే ఉంటుంది, దిద్దినవాడి పేరు పక్కన చేరుతుంది, నచ్చకపోతే పాతరూపం తెచ్చుకునే వీలు రాసినవాడికి ఉంటుంది. మా అబ్బాయి ఇదంతా చెబుతుంటే, మా ప్రెస్సు కట్టుబాటునే ఎవరో యంత్రంలో బిగించారనిపించింది. నా విషయంలో దాన్ని యంత్రంలో బిగించాల్సిన అవసరమే ఉండకూడదు.

పేరు నిలవడం ఎందుకంత ముఖ్యమో మా ఊరివాడికి తెలియాలి. 1780లలో విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడ దండులో వైద్యుడిగా ఉండి మొక్కల తోట వేశాడు. ఇక్కడి చిత్రకారులను జీతానికి పెట్టుకుని, ఒక్కో మొక్కనీ ఆకు, పువ్వు, కాయ, గింజ సహా గీయించాడు. 1793లో కలకత్తా వెళ్లిపోయాడు. 1795 నుంచి లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం సంపుటాలుగా వెలువడింది, మొత్తం మూడు వందల ఫలకాలు. మొక్కలకి మన తెలుగు పేర్లు కూడా రాసి పెట్టాడు, అందుకు ఆయనకి దణ్ణం పెట్టాలి. గీసినవాళ్ల పేర్లు మాత్రం ఆ పుస్తకంలో లేవు. మొక్క ముందు రోజులకి రోజులు కూర్చుని చూసిన కళ్లెవరివో మనకి తెలియదు. వికీపీడియా ప్రతి మార్పునీ చరిత్రలో ఎవరి పేరున వారికి దాచిపెడుతుంది, అక్కడి లైసెన్సు కూడా రాసినవారి పేరు చెప్పి తీరాలంటుంది. నేను తీసేసిన పేరా కూడా ఆ చరిత్రలో పదిలంగా ఉంది. అక్కడి నుంచే మళ్లీ చదివాను. ఈసారి ప్రూఫు చదివినట్టు చదివాను.

బాగుంది. లాకు తలుపు తీసే వరస ఎంత కచ్చితంగా రాశారంటే, నిలబడి చూడనివాడు రాయలేడు. నేను కుదరలేదనుకున్న ఆ వాక్యాలు చెప్పేవాడి ఊపిరి ప్రకారం నడిచాయి.

ఆయనకి క్షమాపణ రాశాను. నియమం చెప్పాను, ముందే చెప్పి ఉండాల్సిందని కూడా రాశాను. జవాబు రాలేదు, వస్తుందన్న ఆశా పెద్దగా లేదు. పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాను. హెమింగ్‌వే అనే ఆయన సంకలనం చేసిన 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరులో కాలువల గురించి, వాటి మీద పడవల రాకపోకల గురించి ఉంది. దాని ఆధారంగా నిలిచినంత మేరకి, కాలువ గురించి రాసినాయన పేరాని ఆయన మాటల్లోనే తిరిగి పెట్టాను. రెండు చోట్ల వాక్యం తెగిపోయినచోట పూర్ణవిరామం మాత్రం చేర్చాను. సారాంశం పెట్టెలో ఆయన వాడుకరి పేరు రాసి, రచన వారిదని, తీసేసింది నేనని, ఇప్పుడు ఆధారంతో తిరిగి పెడుతున్నానని రాశాను. గట్టెక్కిన పిల్లల సంగతి ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆ వాక్యాన్ని చర్చ పేజీలో ఉంచి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాను.